పెనం ధర ఐదు డాలర్లు పెంచుతున్నాం, ఎందుకో దాచకుండా చెప్తాను

అందరికీ నమస్కారం అండీ.

2026 జనవరి 1 నుంచి మా పదకొండు అంగుళాల దోసె పెనం ధర 64 డాలర్ల నుంచి 69 డాలర్లు అవుతుంది. అక్టోబర్‌లో ఆర్డర్ పెట్టినవాళ్లలో 212 మందికి పెనం ఇంకా చేరలేదు. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న ఈ రెండు మాటలూ ముందే చెప్పేశాను.

పోయిన వారం డాలస్ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "బాబూ, ఒహాయోలోనే చేస్తున్నామని రాస్తావు, ఇక్కడి ఉక్కే వాడతానంటావు. మరి దిగుమతి సుంకాలతో నీకేం పని? ధరెందుకు పెంచాలి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆవిడకీ మీ అందరికీ కలిపి ఇప్పుడు చెప్తున్నాను.

మాది ఏడుగురు పనిచేసే చిన్న వర్క్‌షాప్. పది గేజి ఉక్కు రేకు కొంటాం, మందం దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, సుమారు 180 పౌండ్ల బరువు ఉంటుంది ఒక్కో రేకు. అందులోంచి పదకొండున్నర అంగుళాల బిళ్లలు 32 వస్తాయి. గుండ్రంగా కోస్తాం కాబట్టి మూలల్లో మిగిలే ముక్కలే రేకులో పావు వంతు పైన ఉంటాయి, వాటిని తుక్కు కింద అమ్మేస్తాం. బిళ్ల అంచు ప్రెస్ మీద కొద్దిగా పైకి లేపి, పిడి వెల్డింగ్ చేసి, నూనె పట్టించి కాల్చి మీకు పంపుతాం.

ఆ రేకు 2025 జనవరిలో 138 డాలర్లు. మే నెలలో 171. రెండుసార్లూ కొన్నది ఒకే చోట, రెండూ అమెరికాలో కాచిన ఉక్కే. బయటి ఉక్కు మీద ప్రభుత్వం మార్చి 12న 25 శాతం సుంకం వేసింది, జూన్ 4న దాన్ని 50 చేసింది. బయటి సరుకు ఖరీదైతే ఇక్కడి మిల్లు పాత ధరకే అమ్మాలని రూలేమీ లేదు. పోటీ తగ్గింది కాబట్టి వాళ్లూ పెంచుతారు, సుంకం వేస్తారన్న వార్త వినగానే పెంచుతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ "అమెరికా ఉక్కు వాడితే సుంకం తగలదు" అనే మాట మాత్రం నిజం కాదు.

ఇది కొత్తగా జరుగుతున్నదీ కాదు. 2018లో దిగుమతి వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేశారు. మాకు రెండు గంటల దూరంలో ఉన్న క్లైడ్ అనే ఊళ్లో పెద్ద వాషింగ్ మెషీన్ల ఫ్యాక్టరీ ఉంది. అలాంటి చోట్ల పని పెరగాలనే ఆ సుంకం వేశారు. దేశం మొత్తం మీద దాదాపు 1,800 ఉద్యోగాలు వచ్చాయని తర్వాత ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. మెషీన్ల ధరలు మాత్రం సుమారు 12 శాతం పెరిగాయి. సుంకమే లేని డ్రయర్ల ధర కూడా పెరిగింది, ఎందుకంటే జనం రెండూ జతగా కొంటారు. జనం అదనంగా కట్టింది లెక్కేస్తే ఒక్కో ఉద్యోగానికి 8 లక్షల డాలర్ల పైనే పడింది.

ఇంత చెప్పినా, మీ ఐదు డాలర్లలో ఉక్కు వాటా డాలరు పాతికే. ధర పెంచినప్పుడు మొత్తం సుంకాల నెత్తిన వేసేయడం సులువు, అందుకే విడమరిచి చెప్తున్నాను. మన పెనం పిడికి వేసే చేనేత తొడుగు మంగళగిరిలో కుట్టించి తెప్పిస్తాం. ఒక్కొక్కటి డాలరు ఎనభై సెంట్లు. భారత్ సరుకు మీద 2025 ఆగస్టు 7న 25 శాతం, 27న మరో 25 శాతం వేశారు. పాత సుంకం కాక ఇది అదనం. అంటే తొడుగుకు 90 సెంట్లు. మా ప్రెస్ మీద పనిచేసేవాళ్ల జీతం గంటకు 21 నుంచి 24 డాలర్లు చేశాం, దాంతో పెనానికి డాలరు అరవై సెంట్లు పడుతోంది. మిగిలిన డాలరు పాతిక షిప్పింగ్, అట్టపెట్టెలు. జీతాలు పెంచింది నేను, నా ఇష్టంతో. ఆ భాగానికి వాషింగ్టన్‌ను అనను.

తొడుగు ఇక్కడే కుట్టించొచ్చు కదా అని కొందరన్నారు. ధర కనుక్కున్నాను, సుంకంతో కలిపి వచ్చేదానికంటే రెండింతలు. పైగా ఆ నేత మీద నాకు మమకారం. ఆ తొడుగు ఉంది కాబట్టే మా పెట్టె మీద "అమెరికాలో తయారైంది" అని ఊరికే రాయడం మానేశాం. ఆ మాట రాయాలంటే వస్తువు దాదాపు పూర్తిగా ఇక్కడిదై ఉండాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూల్. "పెనం అమెరికాలో, తొడుగు భారత్‌లో" అని ఇప్పుడు స్పష్టంగా రాస్తున్నాం.

సుంకాల వల్ల నాకు మేలు జరగలేదా అంటే, జరిగింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లు సుంకం లేకుండా వచ్చే వెసులుబాటును ఆగస్టు 29న ఎత్తేశారు. అంతకుముందు ఇండియా నుంచి నేరుగా పెనాలు తెప్పించుకునేవాళ్లు మావైపు తిరిగారు. సెప్టెంబర్‌లో మా ఆర్డర్లు మూడో వంతు పెరిగాయి. ఎన్నాళ్లనుంచో ఎదురుచూసిన గిరాకీ తలుపు తట్టింది, కానీ తీర్చడానికి చాలినంత ప్రెస్ లేదు.

ఆలస్యానికి అసలు కారణం ఇదే. ఉన్న ఒక్క ప్రెస్ మీద రోజుకు 60 పెనాలకు మించి రావు. కొత్తదానికి తైవాన్ కంపెనీ ధర అడిగితే అప్పట్లో దాని మీద 20 శాతం సుంకం. అమెరికాలో వస్తువులు చేయడానికి కావలసిన యంత్రానికి కూడా సుంకం కట్టాలన్నమాట. దాంతో ఇక్కడే ఒహాయోలోని మిన్‌స్టర్‌లో తయారైన పాత ప్రెస్ ఒకటి చూశాను. 1970ల నాటిది, ఇప్పటికీ గట్టిగా ఉంది. ప్రభుత్వ గ్యారంటీతో వచ్చే లోన్‌కు దరఖాస్తు పెట్టాను. బ్యాంకు సరే అంది. ఇంతలో బడ్జెట్ తేలక అక్టోబర్ 1న ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డాయి. 43 రోజులు. గ్యారంటీ నంబర్ ఇచ్చేవాళ్లే లేరు. ఆర్డర్లేమో వస్తూనే ఉన్నాయి, నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. డిసెంబర్ 3న లోన్ వచ్చింది.

అదే ప్రభుత్వం చేసిన మంచి కూడా చెప్పాలి. జూలై 4న సంతకమైన చట్టం వల్ల యంత్రం ఖర్చు మొత్తం మొదటి ఏడాదే పన్ను లెక్కలో తీసేసుకోవచ్చు, పాత యంత్రమైనా సరే. అది లేకపోతే ఈ సాహసం చేసేవాణ్ని కాదు. చిన్న సంస్థలకు ఫైన్ భయం లేకుండా వర్క్‌షాప్‌కు వచ్చి భద్రత చూసి చెప్పే ఉచిత సర్వీసు కూడా ఉంది. ఆ వచ్చినాయన మా గ్రైండింగ్ గదిలో చప్పుడు కొలిచి, గోడకు ఏం బిగించాలో, ఎవరు చెవులకు ఏం పెట్టుకోవాలో దగ్గరుండి చూపించారు.

నాకున్న బాధల్లా ఒకటే. సుంకం ఎక్కువా తక్కువా అన్నది కాదు. ప్రెస్ అప్పు తీరడానికి ఐదేళ్లు పడుతుంది, రూల్ మారడానికి ఐదు వారాలు చాలుతోంది. పది శాతమే వేసి పదేళ్లు మార్చబోమని చెప్తే దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకుంటాను. ఈ రోజు ఉండి రేపు ఉంటుందో లేదో తెలియని 50 శాతాన్ని నమ్మి ఎవరిని పనిలో పెట్టుకోను? రేపు సుంకం తీసేస్తే వాళ్లకు ఏం సమాధానం చెప్పను?

మా వెల్డింగ్ చేసే పెద్దాయనది యంగ్స్‌టౌన్. 1977 సెప్టెంబర్ 19న అక్కడి క్యాంప్‌బెల్ వర్క్స్ ఉక్కు మిల్లు మూసేస్తున్నామని ప్రకటించేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. ఒక్క దెబ్బకు దాదాపు 5,000 ఉద్యోగాలు, వాటిలో వాళ్ల నాన్నది ఒకటి. ఆ ఊరు ఇప్పటికీ ఆ రోజును బ్లాక్ మండే అంటుంది. దిగుమతులే ముంచాయని అందరూ అన్నారు. మిల్లులో యంత్రాలు పాతబడిపోయినా యజమానులు డబ్బు పెట్టలేదని వాళ్ల నాన్న చెప్పేవారట. చర్చిల పెద్దలూ కార్మికులూ కలిసి మిల్లును మేమే నడుపుకుంటాం, లోన్‌కు గ్యారంటీ ఇవ్వండి అని ప్రభుత్వాన్ని అడిగారు. 1979లో అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వం కాదంది. ఈ దేశంలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు అత్యధికంగా ఉన్నది ఆ ఏడాదే, కోటీ 95 లక్షలు. 2025లో కోటీ 27 లక్షల దగ్గరున్నాయి. నా లోన్ కాగితాలు వచ్చిన రోజు ఆయన వాటిని చేతిలోకి తీసుకుని, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు చూశారు.

ఇక నా తప్పు. జూన్‌లో రేకు ధర చూసి కంగారుపడి, తక్కువకు వస్తుందని వేరేచోట కొన్నాను. అది చుట్ట విప్పాక సరిగ్గా సాపు చేయని రేకు. కోసినప్పుడు బాగానే కనిపించింది. పొయ్యి మీద వేడెక్కాక మధ్యలో ఉబ్బింది. నూనె అంచులకు జారిపోవడం, దోసె మధ్యలో మాడిపోవడం, ఇవన్నీ దానివల్లే. సుంకం నా చేత ఆ రేకు కొనిపించలేదు. కొన్నది నేనే, పరీక్షించకుండా పంపింది నేనే. ఇప్పుడు ప్రతి రేకు నుంచి ఒక పెనాన్ని వేడి చేసి, స్కేలు పెట్టి చూశాకే మిగతావి బయటికి వెళ్తున్నాయి.

జూన్ 10 నుంచి జూలై 20 మధ్య పెనం అందుకున్నవాళ్లు ఒక్కసారి చూడండి. పెనం బాగా వేడెక్కాక దింపి, చల్లారనిచ్చి, మీద అంచుల లోపల పట్టే స్కేలు నిలబెట్టండి. మధ్యలో ఆని, చివర్ల దగ్గర వెలుతురు కనిపిస్తే ఫోటో పంపండి. కొత్తది పంపిస్తాం, పాతది వెనక్కి పంపక్కర్లేదు.

అక్టోబర్ ఆర్డర్లకు 64 డాలర్లే. డిసెంబర్ 31 లోపు పెట్టినవాటికీ అంతే. ఇప్పుడున్న ప్రెస్ మీదే శనివారాలు కూడా పనిచేసి ఆ 212 పెనాలూ జనవరి 9కల్లా పంపేస్తాం, సంక్రాంతికి మీ ఇంట్లో ఉండాలి. ఆగలేమనుకుంటే చెప్పండి, డబ్బు మొత్తం వాపసు ఇస్తాం. భారత్ సరుకు మీద వేసిన సుంకాలు చట్టబద్ధమా కాదా అనే కేసులో 2025 నవంబర్ 5న సుప్రీంకోర్టులో వాదనలు జరిగాయి, ఇది రాసేనాటికి తీర్పు రాలేదు. ఆ సుంకం పోతే ఆ 90 సెంట్లు ఆ వారమే ధరలోంచి తీసేస్తాను. ఉక్కు సుంకం వేరే చట్టం కిందిది, అది ఈ కేసులో లేదు.

డాలస్ అమ్మగారికి ఇది నేనే ఫోన్ చేసి చదివి వినిపిస్తాను. ఆవిడ కోడలి కోసం పెట్టిన ఆర్డర్ కూడా ఆ 212లో ఉంది.