గుమ్మం దగ్గర చెప్పాల్సిన మాట మైకులో చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 1981 నుంచి 2016 దాకా అటెండరుగా పనిచేశాను. పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి.

పోయిన వారం మా మనవరాలు బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. తను ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి చదువుతోంది. అక్కడ ప్రతి క్లాసులో గోడకు స్పీకరు బిగించారు. ఆఫీసులో మైకు ముందు ఒక మాట అంటే బడంతా వినపడుతుంది. ఆ రోజు లెక్కల పీరియడు జరుగుతుండగా ఫీజు బాకీ ఉన్న పిల్లల పేర్లు చదివారట. పేరు, క్లాసు, సెక్షను చెప్పి ఆఫీసుకు రమ్మన్నారట. మా పిల్ల పేరు నాలుగోది. మిర్చి డబ్బు ఇంకా చేతికి రాక మా అల్లుడు ఈ టర్ము ఫీజు కట్టడం ఆలస్యమైన మాట నిజమే. దానికి పిల్లేం చేస్తుంది? "తాతయ్యా, ఒకటో క్లాసు వాళ్లు కూడా విన్నారు" అని ఒకటే ఏడుపు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ స్పీకరు చేసే పని 35 ఏళ్లు నేను చేశాను కాబట్టి.

మా బడిలో ఆఫీసు నుంచి క్లాసులకు కబురు వెళ్లాలంటే రెండే దారులు. ఒకటి గంట, రెండోది నేను. వేపచెట్టు కొమ్మకు గొలుసుతో వేలాడదీసిన రైలు పట్టా ముక్కే మా గంట. ఇనప కడ్డీతో కొట్టేవాణ్ణి. ఎన్నో పీరియడైతే అన్ని దెబ్బలు, ఇంటికి లాంగ్ బెల్. అందరూ ఒకేసారి వినాల్సిన మాటకే గంట. మిగతాదంతా నోటీసు పుస్తకంలో వెళ్లేది.

ఎర్ర గుడ్డ బైండుతో పొడుగ్గా ఉండేది ఆ పుస్తకం. హెడ్మాస్టరు గారు విషయం రాసి సంతకం పెట్టేవారు. కింద 6ఎ నుంచి 10బి దాకా క్లాసుల పేర్లు వరసగా వేసి ఉండేవి. ఏడో తరగతి కామన్ పరీక్షల ఫీజు, పదో తరగతి నామినల్ రోల్స్, స్కాలర్‌షిప్ ఫారాలు, ఆగస్టు 15 డ్రిల్లు, ఏదైనా అందులోనే. పది గదులు తిరిగి రావడానికి అరగంట పట్టేది. వాన పడితే పుస్తకం చొక్కా లోపల పెట్టుకునేవాణ్ణి. ఒక్క టీచరు సంతకం తప్పినా గుమస్తా గారు వెనక్కి పంపేవారు.

నేను చేరిన కొత్తలో హెడ్మాస్టరు గారు నాకు ఒక పద్ధతి నేర్పారు. గుమ్మం దాటి లోపలికి పోకూడదు. మాస్టారు చెబుతున్న వాక్యం పూర్తయ్యేదాకా నిలబడాలి. ఆయన చూసి తల ఊపితేనే పుస్తకం ఇవ్వాలి. పిల్లల ముందు నోరు విప్పకూడదు. పాఠం పుస్తకంలో ఉన్నా, ఆ క్షణం మాత్రం మాస్టారి నోట్లో ఉంటుందయ్యా, దాన్ని తెంపకు అనేవారు. నేను ఏడో తరగతి వరకే చదివాను. కానీ అలా గుమ్మాల్లో నిలబడి విన్న పాఠాలు చాలా ఉన్నాయి, ముఖ్యంగా తెలుగు మాస్టారు పద్యం చదువుతుంటే.

1984 అక్టోబరు 31 నాకు బాగా గుర్తు. బుధవారం. ఇందిరాగాంధీ గారి మీద కాల్పులు జరిగాయని రేడియోలో తెలిసింది. మధ్యాహ్నానికి, ఆమె చనిపోయారని బీబీసీ చెప్పిందంటూ ఊళ్లో కబురు పాకింది. ఆకాశవాణి మాత్రం సాయంత్రం దాకా ఆ మాట చెప్పలేదు. బడి వదిలేయాలని హెడ్మాస్టరు గారు అనుకున్నారు కానీ నన్ను లాంగ్ బెల్ కొట్టనివ్వలేదు. అది వింటే పిల్లలు సంతోషంతో అరుస్తూ పరిగెడతారు, ఇవాళ ఆ అరుపు వినపడకూడదు అన్నారు. నోటీసు పుస్తకంలో రాసి ఇచ్చారు. నేను ఒక్కో క్లాసుకే వెళ్లాను. ఒక క్లాసు వరసగా గేటు దాటాక ఇంకో క్లాసు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వెళ్లారు. ఆ రోజు చప్పుడు లేకుండా బడి ఖాళీ అయింది.

పుస్తకంలో రాయకూడని కబుర్లు కూడా ఉండేవి. వాటికి నాలుగు మడతల చీటీ. చీటీలో కూడా రాయలేనివి కొన్ని. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె తండ్రి పొలంలో మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టి పోయాడు. కబురు తెచ్చినవాళ్లు ఆఫీసు అరుగు మీదే కూలబడ్డారు. నేను వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. నా చేతిలో పుస్తకం లేదు. సోషల్ మాస్టారు నా మొహం చూసి తనే బయటికి వచ్చారు. చెవిలో చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి, మామూలు గొంతుతోనే "అమ్మా, ఇంటి నుంచి పిలుస్తున్నారు, సంచి సర్దుకో" అన్నారు. క్లాసులో ఎవరికీ ఏమీ తెలియలేదు. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని రెండు కిలోమీటర్లు తీసుకెళ్లాను. ఆ అమ్మాయి ఇప్పుడు నలుగురికి చదువు చెప్పే టీచరు. మొన్నామధ్య పెళ్లిలో కనపడి, "ఆ రోజు నువ్వేం చెప్పలేదు బాబాయ్, కానీ సైకిలు మరీ మెల్లగా తొక్కావు. అప్పుడే నాకు అర్థమైంది" అంది.

మా బడిలో అన్నీ మంచిగానే జరిగాయని చెప్పను. ఫీజు కట్టని వాళ్ల జాబితా క్లాసులో బిగ్గరగా చదివి, పిల్లల్ని నిలబెట్టిన రోజులు మా దగ్గరా ఉన్నాయి. ఆ జాబితా మోసుకెళ్లింది నేనే. తర్వాత వచ్చిన హెడ్మిస్ట్రెస్ గారు దాన్ని ఆపించారు. ఒక్కొక్కరికీ విడిగా చీటీ రాసి, ఇంటర్వెల్‌లో పిల్లల చేతికి ఇమ్మన్నారు. నాకు పని పెరిగింది, నిజమే. కానీ ఆ పని చేసేటప్పుడు మాత్రం ఏ పిల్లా తల వంచుకోవడం చూడలేదు.

2008లో హైస్కూలు పిల్లలకు కూడా మధ్యాహ్న భోజనం వచ్చాక పొద్దున్నే క్లాసు క్లాసుకూ తిరిగి తినేవాళ్ల లెక్క రాసుకొచ్చి వంటవాళ్లకు ఇచ్చేవాణ్ణి. తలకు 150 గ్రాముల బియ్యం. నా లెక్క తప్పితే చివరి వరసలో పిల్లలకు అన్నం తక్కువయ్యేది. అందుకని రెండుసార్లు కూడుకునేవాణ్ణి.

నేను రిటైరయ్యాక ఆ బడికి ఇంకో అటెండరును వేయలేదు. నోటీసులు వాట్సాప్ గ్రూపులో వస్తున్నాయట. రావడం మంచిదే, నేను దానికి అడ్డం చెప్పను. సెలవు కబురైతే స్పీకర్లో చెప్పినా నష్టం లేదు. కానీ ఒక పిల్ల గురించిన మాట ఆ పిల్లకీ టీచరుకీ తెలిస్తే చాలు. మా వీధిలో ఉండే టీచరు గారు చెప్పారు, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించిందని. 11 ఏళ్ల పిల్లకు వందలమంది ముందు తన ఇంటి అప్పు వినిపించడం వేధించడం కాకపోతే మరేమిటి?

నేను ఆ స్కూలుకు వెళ్లి అడిగాను. మర్యాదగానే కూర్చోబెట్టారు. ఒక్కో క్లాసుకు వెళ్లి చెప్పడానికి మనిషి లేడండీ, మైకులో అయితే రెండు నిమిషాల్లో అయిపోతుంది అన్నారు. మనిషి లేడన్నది నిజమే కావచ్చు. వాళ్లు ఈ పేపరు తెప్పిస్తారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. ఫీజు చీటీలు మడిచి ఆఫీసులో ఉంచండి. నెలకు ఒక రోజు నేను వచ్చి ఇంటర్వెల్‌లో పిల్లలకు ఇచ్చి వెళతాను. జీతం ఏమీ వద్దు. ఇంకా సైకిలు తొక్కగలను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అటెండరు,
గుంటూరు జిల్లా