రేకు చల్లగా ఉందట!

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి మార్కులు, ఆటల పోటీల సంగతులు వెనక పేజీలకు నెట్టేశాను. నగరంలో బతుకు ఇంకాస్త హాయిగా ఉండాలంటే ఏం చేయొచ్చో తేల్చే పనిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు కొన్ని వారాలుగా మునిగి ఉన్నారు. "ఇంతకీ ప్రదర్శనకు మోడల్ ఎప్పుడు తయారవుతుంది మేడమ్?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు రేకు కథ వినండి.

వేడి మీద పనిచేస్తున్న జట్టు మిట్టమధ్యాహ్నం ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టుకుని బడి ఆవరణంతా తిరిగింది. తారు దారి, సిమెంటు గచ్చు, చెట్టు కింద మట్టి, సైకిళ్ల షెడ్డు మీద కొత్తగా వేసిన జింకు రేకు, అన్నీ కొలిచారు. ఎండలో ఉన్నవాటన్నిటిలోకీ రేకే చల్లగా ఉందని చూపించింది ఆ పరికరం. ఇంకేముంది, నగరమంతా రేకులు పరిచేస్తే సరి! అంతలో ఒక అమ్మాయి రేకు మీద చెయ్యి వేసి, వెంటనే లాక్కుంది.

ఎవరు అబద్ధం చెబుతున్నట్టు, చెయ్యా, పరికరమా? ఆ థర్మామీటరు వేడిని ముట్టుకుని చూడదు. ఉపరితలం నుంచి వచ్చే, కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలను బట్టి లెక్కగడుతుంది. మెరిసే లోహం కాలిపోతున్నా ఆ కిరణాలను చాలా తక్కువగా విడుదల చేస్తుంది. పైగా అద్దంలా ఆకాశాన్ని చూపిస్తుంది. ఆకాశమేమో ఆ పరికరం దృష్టిలో చల్లన. ఇది తెలుసుకోవడానికి పిల్లలకు రెండు రోజులు పట్టింది. తర్వాత రేకు మీద, ఆ కిరణాలను బాగా విడుదల చేసే నల్ల టేపు అంటించి, అది రేకంత వేడెక్కే దాకా ఆగి, టేపును కొలిచారు. అంకె ఒక్కసారిగా ఎగిరింది. పాత కొలతలన్నీ కొట్టేశారు. ఆ పేజీ మాత్రం చింపొద్దన్నాను. నోటుబుక్కులో నాకు అన్నిటికంటే నచ్చిన పేజీ అదే.

నగరం పల్లె కంటే వేడిగా ఉంటుందన్న సంగతిని సుమారు 200 ఏళ్ల కిందట లండన్‌లో కొలతలతో చూపించింది ల్యూక్ హోవర్డ్. వృత్తిరీత్యా ఆయన మందులూ రసాయనాలూ తయారుచేసేవాడు. రోజూ ఓపిగ్గా ఉష్ణోగ్రతలు రాసుకుని, చుట్టుపక్కల పల్లెల కంటే నగరంలో రాత్రిళ్లు దాదాపు 2 డిగ్రీలు ఎక్కువని తేల్చాడు. మేఘాలకు సిర్రస్, క్యుములస్ అని పేర్లు పెట్టిందీ ఆయనే. రోజూ కొలతలు రాయడం విసుగు పుట్టినప్పుడల్లా పిల్లలకు ఆయన్ను గుర్తుచేస్తున్నాం. అంతగా పనిచేయడం లేదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆ జట్టు డాబాలో ఒక భాగానికి తెల్ల పూత వేసింది. కొత్త తారు తన మీద పడే ఎండలో 5 శాతం దాకా మాత్రమే తిప్పికొడుతుంది. మంచి తెల్ల పూత కొత్తలో 80 శాతం దాకా తిప్పికొట్టగలదు. ఇది అందరికీ తెలిసిందే, మళ్లీ నిరూపించనక్కర్లేదు. దుమ్ము పడితే ఆ చలవ ఎన్నాళ్లు నిలుస్తుంది, కడిగితే తిరిగి వస్తుందా అన్నది పిల్లల ప్రశ్న. దీనికి జవాబు మా టీచర్లకూ తెలియదు. అందుకే దీన్ని పరిశోధన అంటున్నాను.

వాన నీటి జట్టు కథ మరోలా నడిచింది. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా 1 లీటరు. 100 చదరపు మీటర్ల గచ్చు మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే 2,000 లీటర్లు. అది నేలలోకి ఇంకే దారి లేక రోడ్డెక్కుతుంది. అందుకని వీళ్లు ఇసుక వేయకుండా కంకర, సిమెంటు, నీళ్లతోనే నీరు ఇంకే కాంక్రీటు దిమ్మలు పోశారు. పైన చూస్తే చక్కగా బెజ్జాలున్నాయి. నీళ్లు పోస్తే చుక్క దిగలేదు! పగలగొట్టి చూస్తే కారణం తెలిసింది. కలిపేటప్పుడు నీళ్లు ఎక్కువై, సిమెంటు ముద్ద కిందికి జారి అడుగంతా మూసుకుపోయింది. ప్రదర్శనకు కొత్త దిమ్మ చేస్తామన్నారు. చేయండి గానీ, పగిలినదాన్నీ దాని పక్కనే పెట్టండన్నాను.

రోడ్డు దాటే సమయం మీద పనిచేసిన జట్టు ఒక్క భాగహారంతో మొదలెట్టింది. పాదచారుల సిగ్నళ్లకు చాలాచోట్ల సెకనుకు 1.2 మీటర్ల నడకను లెక్కలోకి తీసుకుంటారు. అంటే 12 మీటర్ల రోడ్డు దాటడానికి 10 సెకన్లు. ఒకటో తరగతి పిల్లలనూ, వాళ్లను దించడానికి వచ్చిన తాతయ్యలనూ అమ్మమ్మలనూ ఆవరణలోనే నడిపించి చూస్తే చాలామందికి ఆ 10 సెకన్లు చాలలేదు.

ఇక మోడల్ సంగతి. థర్మోకోల్ మేడలు, వెలిగే బుల్లి దీపాలు ఈసారి ఉండవు. బయట చేయించి తెచ్చినవాటిని బల్ల మీద పెట్టనివ్వం. ఈ మాట కటువుగా ఉందని తెలుసు. కానీ నిరుడు ఒక అందమైన మోడల్ ముందు నిలబడ్డ పిల్లవాడు, అది ఎలా పనిచేస్తుందని అడిగితే నాన్న వైపు చూశాడు. తప్పు వాడిది కాదు. అలాంటివాటికే బహుమతులిచ్చిన మా అందరిదీ.

వచ్చే శనివారం మధ్యాహ్నం ప్రదర్శన. నోటుబుక్కులు బల్లల మీదే ఉంటాయి, తిరగేయండి. "బాగుంది" అని ముందుకు వెళ్లిపోకుండా "ఎలా కొలిచావు? ఎన్నిసార్లు?" అని అడగండి. పిల్లలు తడబడితే కాసేపు ఆగండి, అందించకండి.

నాలుగో జట్టు గురించి కూడా ముందే చెప్పడం న్యాయం. ఉదయం గేటు ముందు ఆగి ఉన్న వాహనాల్లో ఎన్నిటికి ఇంజను ఆన్‌లోనే ఉంటోందో వాళ్లు లెక్కపెడుతున్నారు. నంబర్లు రాసుకోవడం లేదు. సోమవారం లెక్కలో నా కారు కూడా ఉంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు