ఆషాఢం లెక్కలు

విజయవాడ

చి. కిట్టూకి,

అమ్మ ఆశీస్సులు. ఇంటర్న్‌షిప్ అయ్యాక మూడు వారాలు ఖాళీ, ఏం చదవమంటావు, ఏ ఆటలు ఆడమంటావు అని మొన్న అడిగావు. ఫోన్‌లో చెప్తే మీ నాన్న మధ్యలో దూరి భగవద్గీత చదవమంటారు. అందుకే రాస్తున్నా.

ఇక్కడ ఆషాఢం వచ్చేసింది. ముహూర్తాలు లేవు. కొట్లకి వచ్చేది డిస్కౌంటు బోర్డులు చూసి వచ్చేవాళ్ళే. నాకు మాత్రం ఇదే సీజను. జనవరిలో కూర్చుందాం రమ్మంటే సంక్రాంతి అంటారు, మార్చిలో ఇయర్ ఎండింగ్ అంటారు, వేసవంతా పెళ్ళిళ్ళు. ఆషాఢంలోనే నేను సలహాలిచ్చే చిన్న వ్యాపారులు కుదురుగా కూర్చుని లెక్కలు ముందు పెడతారు. సగం ఏడు ఎలా గడిచిందో నేను కూడా అప్పుడే చూసుకుంటాను.

ఈ ఆర్నెల్లూ ఎక్కడికెళ్ళినా ఒకటే పాట: "మేడం, లాభం ఉంది, డబ్బు లేదు." ఆడిటరు ఇచ్చిన కాగితంలో లాభం నిక్షేపంగా ఉంటుంది. ఒకటో తారీఖు జీతాలకి మాత్రం ఓడీ, అంటే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు అప్పు మీద పడాలి. నేనిప్పుడు అమ్మకాలు ఎంత అని అడగడం బాగా తగ్గించేశాను. డబ్బు ఎక్కడ ఆగింది అని మొదలుపెడతాను.

చీరల కొట్టాయన ఒకాయన ఉన్నాడు. బిల్లు పుస్తకం తెరవబోతే వద్దని, ముందు గోడౌను చూపించమన్నాను. పై అరలో పట్టుచీరలు, ఒక్కోదానికి పిన్నుతో గుచ్చిన చీటీ, దాని మీద కొన్న నెల. ఒకటి తీసి విప్పించాను. పోయినేడు సంక్రాంతికి కొన్నది. పట్టుచీరకి అప్పుడప్పుడూ మడత మార్చాలి, నెలల తరబడి ఒకే మడతలో ఉంటే అక్కడే చీలుతుంది. దీనికి అప్పటికే మడత దగ్గర జరీ నలిగి తెల్లటి గీత పడింది. కుర్రాడు వేలితో రుద్ది, "ఇస్త్రీ చేస్తే పోద్దండీ" అన్నాడు. పోలేదు.

"కొన్న ధర ఆరు వేలు మేడం, అంతకంటే తక్కువకి ఎలా ఇస్తాను, నష్టం కదా" అన్నాడు ఓనరు. సరుకంతా అప్పు మీదే. నూటికి నెలకి రూపాయి వడ్డీ వేసుకున్నా ఆరు వేలకి నెలకి 60, పద్దెనిమిది నెలలకి 1,080. అంటే అది ఇప్పుడు 7,080 రూపాయల చీర, పైగా గీత పడ్డ చీర. ఐదు వేలకి ఇచ్చేస్తే శ్రావణానికి కొత్త సరుకు తెచ్చుకోవచ్చు. వరలక్ష్మీ వ్రతానికి ముందు వచ్చిన మంచి చీర రెండు వారాలు కూడా అరలో ఉండదు. ఇదంతా కాగితం మీద వేసి చూపిస్తే సగం కుప్ప తగ్గించి అమ్మేయడానికి ఒప్పుకున్నాడు. మిగతా సగం మీద మా యుద్ధం నడుస్తూనే ఉంది. ఆషాఢం సేల్ అంటే జనాన్ని మోసం చేయడమని మీ నాన్న అంటారు. ధర పెంచి తగ్గించేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ ఆగిపోయిన డబ్బుని బయటికి లాగడానికి ఇంతకంటే మంచి పండగ కొట్టువాళ్ళకి ఇంకోటి లేదు.

ఆటోనగర్‌లో ఇంకో కథ. చిన్న వర్క్‌షాపు, పెద్ద కంపెనీకి ఇనప సామాను చేసి పంపుతారు. పని బంగారంలా ఉంటుంది, బిల్లు మూడు నెలలైనా రాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం బిల్లు డబ్బు ఇవ్వడానికి రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. 2023లో దీనికి ఆదాయపన్నుతో ముడి పెట్టారు: సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి గడువులోగా డబ్బు ఇవ్వకపోతే, ఇచ్చేదాకా కొన్నవాడు దాన్ని ఖర్చుగా చూపించుకోలేడు. అందుకే మార్చి వచ్చేసరికి పెద్ద కంపెనీల అకౌంట్స్ సెక్షన్లు ఒక్కసారిగా మర్యాదస్తులైపోతాయి. అయితే ఇది తయారీ, సర్వీసు చేసేవాళ్ళకే, మా చీరల కొట్టాయనలాంటి వర్తకులకి వర్తించదు. వర్క్‌షాపు వాళ్ళకి ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు కూడా లేదు. చేయించి, ఆ నంబరు బిల్లు మీద పెద్ద అక్షరాల్లో వేయించాను. పెద్దాయన భయం ఆయనది: "చట్టం మాట ఎత్తితే ఆర్డరే ఆపేస్తారమ్మా." ఆ భయానికి నా దగ్గర మందు లేదు. ఇంకో ఇద్దరు కొనేవాళ్ళని వెతుక్కోండి, అప్పుడు గొంతు లేస్తుంది అన్నాను. వెతుకుతున్నాడు.

ఇక పుస్తకాలు. వ్యాపారం పుస్తకాల్లో చాలావాటికి అసలు విషయం ఇరవై పేజీలే, మిగతాదంతా పిండిలో నీళ్ళు. నీకు రెండే చెప్తాను. 1984లో వచ్చిన 'ది గోల్'. రాసిన గోల్డ్‌రాట్ ఇజ్రాయెల్‌వాడు, చదివింది ఫిజిక్సు. ఇది నవల. మూతపడబోతున్న ఫ్యాక్టరీ మేనేజరు కొడుకుని, వాడి స్కౌట్ బృందాన్ని కొండదారిలో నడిపిస్తుంటే లావుపాటి పిల్లాడు హెర్బీ వెనకపడిపోతాడు. ముందున్నవాళ్ళు ఎంత వేగంగా నడిచినా బృందం చేరేది హెర్బీ చేరినప్పుడే. వాణ్ణి ముందు పెట్టి, వాడి సంచిలో బరువు తలా కాస్త పంచుకుంటారు. ఫ్యాక్టరీలో అన్నిటికంటే నెమ్మదైన మెషీనే ఆ హెర్బీ. ఆ భాగం ఒక్కటి చదివినా చాలు. మేనేజరు సంసారం గొడవలు ఉంటాయి, అవి గబగబా తిప్పేయ్.

రెండోది నైకీ పెట్టిన ఫిల్ నైట్ రాసుకున్న 'షూ డాగ్', 2016. అమ్మకాలు ఏటేటా పెరుగుతుంటాయి, చేతిలో చిల్లిగవ్వ ఉండదు. 1975లో చెక్కులు బౌన్సయి బ్యాంకు పొమ్మంటే, నిషో ఇవాయ్ అనే జపాన్ ట్రేడింగ్ కంపెనీ ఆ అప్పు తీర్చి నిలబెట్టింది. నైకీకే తప్పలేదు చూడండి అని నా క్లయింట్లకి ఊరడింపుగా చెప్తుంటాను. పాపం, వాళ్ళకి జపాన్ కంపెనీ దొరకదు.

వీటి మధ్యలో నవ్వుకోడానికి 'బారిష్టర్ పార్వతీశం' పంపిస్తున్నా, పక్కింటి ఆంటీ వచ్చే వారం మీ ఊరే వస్తోంది. మొగల్తూరు నుంచి బయల్దేరి ఆడవాళ్ళ టోపీ నెత్తిన పెట్టుకు తిరిగిన మహానుభావుడు. వ్యాపారానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. నువ్వు వెళ్ళిన కొత్తలో ఫోన్‌లో చెప్పిన సంగతులకి మాత్రం చాలా సంబంధం ఉంది.

ఆటల్లో మొదటిది ఫాక్టోరియో అనే కంప్యూటరు ఆట. తెలియని గ్రహం మీద పడిపోయి, ఇనుము, రాగి తవ్వి, బెల్టులు వేసి ఫ్యాక్టరీ కట్టుకుంటూ పోవడం. ఒక బెల్టు మీద సరుకు గుట్టలా పేరుకుని, పక్క మెషీను ఖాళీగా నిలబడితే హెర్బీ ఎక్కడున్నాడో కళ్ళకి కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: దీనికి ఆడేవాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు క్రాక్టోరియో. ఇంటర్న్‌షిప్ పూర్తిగా అయ్యాకే మొదలుపెట్టు.

రెండోదానికి కంప్యూటరక్కర్లేదు. మీ తాతయ్య అరుగు మీద సుద్దముక్కతో గీసిన పులిజూదం గుర్తుంది కదా, మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీద నుంచి దూకాలంటే అవతల గడి ఖాళీగా ఉండాలి. మేకల్ని ఒక్కొక్కటే పెడుతున్నంతసేపూ పులిదే రాజ్యం. అన్నీ పెట్టేశాక, వెనక ఖాళీ వదలకుండా ఒకదానికొకటి ఆనుకుని నడిస్తే పులికి కదలడానికి చోటుండదు. పులిని చంపక్కర్లేదు, కదలకుండా చేస్తే చాలు, మేకలు గెలిచినట్టే. అట్టముక్క మీద గీసుకో, చిల్లర పైసలు మేకలు. ముందు నువ్వు పులులు తీసుకుని మీ రూమ్మేటుకి మేకలివ్వు. నాలుగు ఆటలయ్యాక వాడికి కిటుకు తెలుస్తుంది, అప్పుడు నీ సంగతి చూద్దాం.

మూడోది నేను ఫోన్‌లో ఆడుతున్నది, స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట. నవ్వకు. ఎరిక్ బారోన్ అనే ఒక్కడే బొమ్మలు, పాటలు, ప్రోగ్రాము అన్నీ నాలుగేళ్ళకి పైగా కూర్చుని చేసి 2016లో వదిలాడు. చేతిలో 500 నాణేలు, 15 విత్తనాలు ఇచ్చి పొలంలో దింపుతారు. రుతువుకి 28 రోజులు. వసంతం చివర్లో దురాశకి పోయి చేలో విత్తనాలు కుక్కావో, వేసవి మొదటి రోజు పొద్దున్న లేచి చూస్తే అన్నీ ఎండిపోయుంటాయి. మా చీరల కొట్టాయనకి ఇది నేర్పిద్దామని చూశాను, ఆయన ఆటలో చేపలు పడుతూ కూర్చున్నాడు.

ఆ ఆటలోని ఊళ్ళో పెళ్ళి కూడా చేసుకోవచ్చు. చేసుకుంటే అమ్మాయి ఎవరో ముందు నాకు చెప్పు, మీ నాన్నకి నేను నచ్చజెప్పుకుంటాను.

ఉంటాను,
అమ్మ