మా అమ్మని కాపాడిన లైన్‌మన్ బాబాయ్ గారికి

కరెంట్ షాక్ కొట్టి హాస్పిటల్లో చేరిన అమ్మ ఇవాళ డిశ్చార్జ్ అయ్యి ఇంటికొచ్చింది. కుడి అరచెయ్యి కాలింది, కట్టుంది, గుండెకేం ప్రమాదం లేదని డాక్టర్ గారు ఈసీజీలు చూసి చెప్పారు. ఫోన్ చేసినవాళ్ళందరితో మాట్లాడే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా, సరిగ్గా నిద్ర లేదు, అటూ ఇటూ అయితే ఏమనుకోకండి.

మా ఆయన, తమ్ముడు, మరదలు హాస్పిటల్లో వంతులేసుకుని ఉన్నారు, ఇంట్లోవాళ్ళకి థాంక్స్ ఏంటి. నేను చెప్పాల్సింది పక్క వీధిలో ఉండే ఒక పెద్దాయన గురించి. లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు, ఆ సాయంత్రం దాకా ఆయనెవరో కూడా మాకు తెలీదు. పేరు రాయొద్దన్నారు, అందుకే బాబాయ్ గారు అనే రాస్తా.

ఆ రోజు గాలివాన. మా ఎలక్ట్రిక్ కారు పోర్టికోలో ఛార్జింగ్‌లో ఉంది. ఉన్నట్టుండి ఫ్యాన్లు ఆగిపోయాయి, కరెంట్ పోయిందనుకున్నాం. జల్లు కొడుతోందని అమ్మ ఛార్జింగ్ గన్ తీసేద్దామని వెళ్ళి ఛార్జర్ బిగించిన ఇనుప స్టాండ్ పట్టుకుంది. కేక వినపడి నేను పరిగెత్తా, చెయ్యి పట్టుకుని లాగబోతుంటే గేటు బయట్నుంచి "ముట్టుకోకమ్మాయ్, ఆగు!" అని ఒక్క అరుపు. వానకి మా గోడ పక్కన నిలబడ్డ బాబాయ్ గారు నేరుగా మీటర్ దగ్గరకెళ్ళి మెయిన్ దించేసి, అప్పుడు అమ్మని ఇవతలకి లాగారు. కరెంటే లేదు కదండీ అని నేను అంటూనే ఉన్నా. "ఎదురింట్లో లైట్లు చూడమ్మా" అన్నారు. నిజమే, వీధంతా కరెంట్ ఉంది, మా ఇంటికే లేదు.

జరిగిందేంటో ఆయన తర్వాత విప్పి చూపించారు. ఛార్జర్ పెట్టిన రోజు ఎర్త్ (లీకైన కరెంట్‌ని నేలలోకి పంపే ఏర్పాటు) లేదని ఎర్ర లైట్ వచ్చిందట, ఎర్త్ వేయించండి అని మాకు చెప్పాల్సింది పోయి, ఆ వచ్చిన కుర్రాడు మీటర్ బోర్డు దగ్గర న్యూట్రల్ (కరెంట్ తిరిగి వెళ్ళే వైర్) నుంచి చిన్న వైర్ ముక్క తీసి ఎర్త్ వైర్‌కి కలిపేశాడు. ఆకుపచ్చ లైట్ వచ్చేసింది. గాలికి స్తంభం దగ్గర మా న్యూట్రల్ ఊడిపోయినా ఫేజ్ (కరెంట్ తెచ్చే వైర్) మాత్రం వస్తూనే ఉంది, అది ఫ్రిజ్‌లోంచీ ఫ్యాన్లలోంచీ తిరిగి న్యూట్రల్‌లోకొచ్చి, అక్కడ్నుంచి పోయే దారి లేక ఆ వైర్ ముక్క గుండా స్టాండ్‌లోకి, అమ్మ చేతిలోకి వెళ్ళింది. వెళ్ళే కరెంట్‌కీ తిరిగొచ్చే కరెంట్‌కీ తేడా వస్తే, అంటే లీకైతే, దానంతటదే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ ఉంది కదా, అది ఎందుకు పడలేదంటే, ఆ ముక్క కలిపింది ఆర్‌సీసీబీకి ముందు, కాబట్టి దాని లెక్కలో ఆ కరెంట్ తిరిగొచ్చినట్టే, తేడా కనపడదు. నెలనెలా టెస్ట్ బటన్ నొక్కితే టక్కుమని పడేది, ఆ బటన్ చెప్పేది ఆర్‌సీసీబీ కదులుతోందని మాత్రమేనట, ఎర్త్ సంగతి దానికి తెలీదు.

హాస్పిటల్‌కి వచ్చిన ప్రతి చుట్టమూ ఒకటే మాట, తడి చేత్తో ఎవరు ముట్టుకోమన్నారు అని. అమ్మ కూడా నాదే బుద్ధి తక్కువ అంటూ కూర్చుంది. మర్నాడు బాబాయ్ గారు వచ్చి మంచం పక్కన నిలబడి, "నీ తప్పేం లేదు తల్లీ, తడి చేత్తో ముట్టుకున్నా మనిషికేం కాకూడదనే కదా ఎర్త్ వేసేది" అన్నారు. అమ్మ ఏడ్చేసింది. నేను వరండాలోకొచ్చి గోడకానుకుని ఏడ్చా, ఎందుకంత ఏడుపొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను, ఆ మాట మాలో ఒక్కరికీ తట్టలేదు.

అక్కడితో ఆగలేదాయన. ఆ వయసులో గొంతుక్కూర్చుని పాత ఎర్త్ తవ్వించారు, పైపు పొట్టులా రాలిపోయింది, పైన ఎప్పుడో సిమెంట్ చేసేశారు కాబట్టి నీళ్ళు పోసే దారి కూడా లేదు. కొత్త జీఐ పైపు, బొగ్గు, ఉప్పు వేసి, అక్కడ్నుంచి ఛార్జర్ దాకా విడిగా రాగి వైర్ లాగించారు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య హోల్డర్‌లో వంద వాట్ల బల్బు పెట్టి చూపించారు. పాత ఎర్త్‌కి తీగ కూడా ఎర్రబడలేదు, కొత్తదానికి నిండుగా వెలిగింది. బల్బు వెలిగితే చాలదని ఎర్త్ టెస్టర్ తెప్పించి కొలిపించారు, ఎర్త్ నిరోధం (తక్కువుంటేనే మంచిది) 5 ఓమ్స్ లోపే వచ్చింది. డబ్బులు ముట్టుకోలేదు. సామాన్ల లెక్క కాగితం మీద రాసి, మిగిలిన చిల్లర దాని మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఇక ఛార్జర్ పెట్టినవాళ్ళకి ఫోన్ చేస్తే, ఇంటి వైరింగ్ మా బాధ్యత కాదండీ అన్నారు. మరి వాళ్ళ కాగితంలో ఎర్తింగ్ ఓకే అని టిక్ ఎవరు పెట్టారు? కరెంటాఫీసులో అడిగితే మీటర్ దాటాక మాది కాదు అన్నారు. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ నిబంధనల్లో ఈవీ (ఎలక్ట్రిక్ బండి) ఛార్జింగ్‌కి పెట్టే ఆర్‌సీడీ (ఆర్‌సీసీబీ ఆ రకమే) పడే లీకేజ్ 30 మిల్లీ ఆంప్స్ మించకూడదు, కనీసం టైప్ ఏ అయ్యుండాలి, న్యూట్రల్‌ని కూడా కట్ చెయ్యాలి అని రాసుంది. మాకు పెట్టింది టైప్ ఏసీ, అది ఇంటికొచ్చే మామూలు ఏసీ కరెంట్ లీకేజ్‌నే పట్టుకుంటుంది, టైప్ ఏ అయితే హెచ్చుతగ్గులుగా వచ్చే డీసీ (బ్యాటరీ రకం కరెంట్) లీకేజ్‌ని కూడా పట్టుకుంటుంది. కారు ఛార్జింగ్‌లో డీసీ లీకేజ్ రావచ్చు, అది ఎక్కువైతే ఆ మామూలు ఆర్‌సీసీబీ పడాల్సినప్పుడు కూడా పడకపోవచ్చు. అందుకే టైప్ ఏ పెట్టి, 6 మిల్లీ ఆంప్స్ డీసీ లీకేజ్‌కే ఆపేసే ఏర్పాటు ఛార్జర్‌లో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే నిలకడగా వచ్చే డీసీని కూడా పట్టుకునే టైప్ బి పెట్టాలి. ఇన్ని లక్షల బండి అమ్మేటప్పుడు ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదా? ఇంట్లో ఛార్జర్ ఉన్నవాళ్ళు దయచేసి ఒకసారి బోర్డు విప్పించి న్యూట్రల్, ఎర్త్ కలిపేసి ఉన్నాయేమో చూపించుకోండి.

అయ్యో, ఆ వానలో హాస్పిటల్ దాకా తీసుకొచ్చిన ఆటో అబ్బాయికి థాంక్స్ చెప్పలేదు, డబ్బులు కూడా తర్వాతే తీసుకున్నాడు. రాత్రంతా అమ్మ చెయ్యి చూసిన సిస్టర్ గారికి. ఆదివారం షాపు తెరిచి టైప్ ఏ ఆర్‌సీసీబీ ఇచ్చిన ఎలక్ట్రికల్ షాపాయనకి. తడుస్తూ స్తంభమెక్కి న్యూట్రల్ కట్టిన కుర్రాళ్ళకి, ఆఫీసు మీద కోపం వాళ్ళ మీద కాదు. ఎదురింటి అత్తయ్య గారు రెండు పూటలా క్యారేజీ పంపారు, గిన్నెలు రేపు పంపిస్తానండీ.