మంత్రి గారూ, అడిగేదేదో తెర చాటున అడగమనండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ సోమవారం ప్రజావాణిలో ఇచ్చాను. మూడింటికీ రసీదులున్నాయి. మూడింటి స్టేటస్ ఒక్కటే: "పరిష్కరించబడింది". నేను మీసేవా సెంటర్‌లో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనానికి అర్జీల స్టేటస్ చూసి చెప్పేదాన్ని నేనే. ఆ మాట కనిపించిందంటే కాగితం ఇంకో బల్ల మీదికి పోయిందని అర్థం. అందుకే ఈసారి నలుగురూ చూసేలా రాస్తున్నాను.

పోయిన వానకాలం మా తమ్ముడు పురుగు మందు తాగాడు. బతికాడు. బతికించింది మీ శాఖ ఆసుపత్రే. ఆ డ్యూటీ డాక్టరమ్మకు, రాత్రంతా కూర్చోకుండా తిరిగిన సిస్టర్లకు చేతులెత్తి మొక్కుతాను. ఇది ముందే ఎందుకు రాస్తున్నానంటే, మిగిలింది చదివి "ప్రాణం పోసినా కృతజ్ఞత లేదు" అంటారు. అన్నారు కూడా, రెండో అర్జీ పట్టుకుని ఆఫీసు గది ముందు నిలబడ్డప్పుడు.

వాడి పేరు రాయను. ఊరు రాయను. ఆసుపత్రి పేరూ రాయను. రాస్తే వాళ్లు చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది. మీకు కావాలంటే ఆ మూడు రసీదుల్లో అన్నీ ఉన్నాయి.

క్యాజువాలిటీలోకి తీసుకెళ్లగానే "ఏం మందు? డబ్బా తెచ్చారా?" అన్నారు. అడగాల్సిందే, అది తెలియందే వైద్యం సాగదు. మా చిన్నాయన ఆ డబ్బాను ఎరువుల షాపు కవర్‌లో చుట్టి తెచ్చాడు. దాన్ని తీసి బీపీ మిషన్ పక్కన బల్ల మీద పెట్టారు. తెల్లారేదాకా అక్కడే ఉంది. కాలు విరిగి వచ్చినవాళ్లు, జ్వరం పిల్లలను ఎత్తుకున్నవాళ్లు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు, అందరూ ముందు ఆ డబ్బాను చూడటం, తర్వాత మా వైపు తిరగడం. ఒకావిడ దగ్గరికొచ్చి, "లవ్ మ్యాటరా అమ్మా?" అని నన్నే అడిగింది. పాపం, ఆమె మంచిగానే అడిగింది. చేతిలో ఉన్న బిస్కెట్ ప్యాకెట్ కూడా ఇవ్వబోయింది.

ఆ తర్వాత డాక్టరు ప్రశ్నలు. అప్పులున్నాయా? పెళ్లి గొడవా? తాగుతాడా? ఇంతకు ముందెప్పుడైనా ఇలా చేశాడా? అడగొద్దని నేను అనను. కానీ మా అమ్మకు చెవులు సరిగ్గా వినపడవు. ఆమెకు వినపడేలా అడిగితే వరండాలో ఉన్నవాళ్లకు కూడా వినపడుతుంది. ఆమె కూడా అంతే గట్టిగా జవాబు చెప్పింది. ఎవరి దగ్గర ఎంత తెచ్చామో, ఎన్ని ఎకరాలు కౌలుకు పట్టామో, వాడు వారం రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదని కూడా. మా ఇంట్లో మేము కూడా ఎప్పుడూ అంత వివరంగా మాట్లాడుకోలేదు. ఇరవై మంది విన్నారు.

పక్కనే తెర ఉంది మంత్రి గారూ. ఇనుప ఫ్రేముకు ఆకుపచ్చ గుడ్డ కట్టి చక్రాల మీద తోసుకునే తెర. ఒక చక్రం ఊడిపోయి గోడకు ఆనించి ఉంది. దాని మీద ఎవరిదో తువ్వాల ఆరేసి ఉంది.

తెల్లారి కానిస్టేబుల్ వచ్చాడు. ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు కాబట్టి చెప్పక తప్పదన్నారు, సరే. తమ్ముడికి ఇంకా ముక్కులో పైపు ఉంది. వార్డు మధ్యలో నిలబడి స్టేట్‌మెంట్ రాసుకుంటూ "ఇది కేసవుతుంది తెలుసా" అన్నాడు. కేసెందుకవుతుంది? ఆత్మహత్యాయత్నం నేరమనే పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి లేదు. కొత్త చట్టంలో మిగిలింది ప్రభుత్వ ఉద్యోగిని బెదిరించడానికో, అడ్డుకోవడానికో ఇలా చేస్తే పెట్టే సెక్షను ఒక్కటే. అంతకు ముందు నుంచే 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ఉంది. ఇలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు, చికిత్స చేయించి నిలబెట్టే బాధ్యత ప్రభుత్వానిది అని రాసి ఉంది. ఇవన్నీ మీకు చెప్పేంతదాన్ని కాదు. కానీ మీ వార్డులో ఆ మాట అంటుంటే మీ స్టాఫ్ ఒక్కరూ నోరు విప్పలేదు. మా బాపు భయపడి చేతులు జోడించాడు. కొడుకు బతికాడన్న సంతోషం ఆయనకు ఆ ఒక్క రోజు కూడా మిగల్లేదు.

మేము ఇల్లు చేరకముందే కేస్ షీట్ చేరింది. దాని ఫొటో. మా ఊరి వాట్సాప్ గ్రూపులో, వానల ఫార్వర్డ్‌కూ గణేశ్ చందాల లిస్టుకూ మధ్యలో. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఏం తాగాడు, అన్నీ. ఎవరు తీశారో నాకు తెలియదు. కేస్ షీటు మంచం కాళ్ల దగ్గర క్లిప్పుకు వేలాడుతుంది కాబట్టి ఎవరైనా తీయొచ్చు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లు పడ్డాయి, "ప్రేమ వ్యవహారమే కారణమని సమాచారం" అని. ఎవరిచ్చారండీ ఆ సమాచారం? బిస్కెట్ ప్యాకెట్ ఆవిడైతే కాదు కదా?

సూపరింటెండెంట్ గారిని అడిగితే, "పోలీసులకు చెప్పడం మా డ్యూటీ" అన్నారు. పోలీసులకు చెప్పారని కాదు సార్ నా బాధ. చాయ్ హోటల్‌కు ఎవరు చెప్పారని. రోగి రహస్యాన్ని డాక్టరు బయటపెట్టకూడదని 2002 నాటి వైద్య నైతిక నియమావళిలోనే ఉంది. కోర్టు ఆదేశం, ఇంకొకరి ప్రాణానికో సమాజానికో ముప్పు, ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బు, వీటికే మినహాయింపు. మానసిక ఆరోగ్య చట్టంలో 23వ సెక్షన్ కూడా ఇదే చెప్తుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తొమ్మిది మంది జడ్జీలతో చెప్పించింది. ఇంతమంది చెప్పినా ఆ చక్రం మాత్రం ఎవరూ బిగించలేదు.

ఇంకో మాట చెప్పి నవ్వుకోవాలి. మా సెంటర్‌లో ఆభా కార్డులు, అదే ఆరోగ్య రికార్డులన్నీ ఒక నంబరు కింద ఉంచే కార్డులు, నేను చాలా చేశాను. 14 అంకెల నంబరు, ఆధార్, ఓటీపీ. మీ అనుమతి లేకుండా మీ వివరాలు ఎవరూ చూడలేరని వచ్చినవాళ్లకు నేనే చెప్పేదాన్ని. 14 అంకెల తాళం వేసి, తాళం చెవి మంచం కాళ్లకు వేలాడదీశారు మంత్రి గారూ.

తర్వాత జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. వాడికి సంబంధం కుదిరింది, నిశ్చితార్థానికి తేదీ కూడా అనుకున్నాం. మధ్యవర్తి ఫోన్ చేసి "వాళ్లు కాస్త ఆగుదామంటున్నారు" అన్నాడు. కాస్త అంటే ఎంతో ఇప్పటికీ చెప్పలేదు. ఎరువుల షాపాయన తమ్ముడితో "మీ బాపును పంపు, నీకు ఉద్దెర ఇయ్యను" అన్నాడు. పురుగు మందు ఇవ్వకపోతే మంచిదేననుకున్నాను. కానీ ఆయన యూరియా కూడా ఇవ్వలేదు. మా అత్తగారింట్లో నన్నెవరూ ఏమీ అనలేదు. కానీ నా కొడుకును సెలవులకు మా ఊరికి పంపుదామంటే, "ఈసారి వద్దులే" అన్నారు. వాడు వాళ్ల మామ దగ్గర ఈత నేర్చుకుంటానని ఎప్పటినుంచో అంటున్నాడు.

ఇవన్నీ భరిస్తాం. భరించలేనిది ఒకటుంది. డిశ్చార్జి కాగితంలో "సైకియాట్రీ ఓపీలో రివ్యూ" అని రాశారు. తమ్ముడు పోలేదు. "మళ్లా అక్కడికేనా అక్కా, నా వల్ల కాదు" అన్నాడు. అంతే. బతికించిన చోటికే వాడు మళ్లీ రాకుండా చేశారు. మీ లెక్కల్లో వాడు "ఫాలోఅప్‌కు రాని పేషెంట్" అయి ఉంటాడు. రాలేదా, రానివ్వలేదా?

చివరికి మనసు బాధలు ఫోన్లో చెప్పుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కు నేనే డయల్ చేసి ఫోన్ వాడి చేతికిచ్చాను. మోటారు గది వెనక్కి పోయి మాట్లాడాడు. నేను దూరంగా నిలబడ్డాను. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, అరగంట. మా ఎవరికీ చెప్పనివి అవతల పేరు తెలియని మనిషికి చెప్పాడు. ఎందుకు చెప్పాడంటే అక్కడ ఇంకో మనిషి లేడు కాబట్టి. ఇది 2022లో మొదలుపెట్టిన ప్రభుత్వ పథకమే, అంటే చాటుగా ఎలా అడగాలో ప్రభుత్వానికి తెలియక కాదు.

అన్నీ అడిగారు కదా, ఒక్కటి మాత్రం ఎవరూ అడగలేదు. డిశ్చార్జి రోజు మందులు చెప్పారు, పథ్యం చెప్పారు, కాగితం మీద స్టాంపు వేశారు. "ఇంట్లో ఇంకా మందు డబ్బాలున్నాయా?" అని అడిగినవాళ్లు లేరు. ఉన్నాయండీ. ఇంటికి వెళ్లాక చూస్తే వడ్ల బస్తాల వెనక ఇంకో రెండు ఉన్నాయి. బాపు పట్టించుకోలేదు, నేనూ ముందు ఆలోచించలేదు. అప్పటికప్పుడు చిన్నాయన వాటిని తీసుకెళ్లి వేరే చోట పెట్టాడు. ఒక్కోసారి రాత్రి మెలకువ వస్తే నాకు ఆ రెండు డబ్బాలే గుర్తొస్తాయి.

మా పెద్దమ్మ కొడుకు ఫ్లోరిడాలో పిల్లల డాక్టరు. ఫోన్లో చెప్పాడు. అక్కడ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి పెడుతున్నారా అని డాక్టర్లు అడుగుతారట. ఒక తల్లి నేను చెప్పనంటే, డాక్టరు ఇంకో డాక్టరును చూసుకోమన్నాడట. దాంతో గొడవై 2011లో అసలు అడగడానికే వీల్లేదన్నట్టు అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. డాక్టర్లు కోర్టుకెళ్లారు. ఆరేళ్లు నడిచి, 2017లో అప్పీలు కోర్టు ఆ నిషేధం చెల్లదని కొట్టేసింది. అయితే తుపాకీ ఉందన్న కారణంతో రోగిని వేరుగా చూడకూడదన్న భాగాన్ని ఉంచింది. నాకు అది సరిగ్గానే అనిపించింది. అడగనివ్వాలి, కానీ జవాబు చెప్పినందుకు మనిషికి నష్టం జరగకూడదు. మా ఇళ్లల్లో తుపాకులెక్కడివి? మా తుపాకీ ఆ వడ్ల బస్తాల వెనకాల డబ్బా. అక్కడ ఒక్క ప్రశ్న అడగొచ్చా వద్దా అని ఆరేళ్లు వాదించుకున్నారు. ఇక్కడ అడగకూడనివన్నీ నలుగురిలో అడిగి, అడగాల్సినది వదిలేశారు.

డబ్బాకు తాళం వేస్తే సరిపోతుందని మళ్లీ ఎవరైనా మీకు ఫైలు పెడతారేమో. శ్రీలంకలో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చి చూస్తే పెద్దగా తేడా రాలేదు. ప్రమాదకరమైన మందులను అమ్మకంలోంచే తీసేశాక మాత్రం చావులు బాగా తగ్గాయి. అది వ్యవసాయ మంత్రి గారి పని, ఆయనకు వేరే ఉత్తరం రాస్తాను. దాని స్టేటస్ కూడా నేనే చూసుకుంటాను.

మీ నుంచి కొత్త పథకం ఏమీ అడగడం లేదు. అడిగేటప్పుడు తెర వేయమనండి. చెవులు వినపడని తల్లులుంటే పక్క గదిలోకి తీసుకెళ్లమనండి. కేస్ షీటు మంచానికి కట్టకుండా సిస్టర్ల దగ్గర పెట్టమనండి. ఎవరు ఫొటో తీశారో విచారించమని కూడా అడిగాను, దానికే "పరిష్కరించబడింది" అని వచ్చింది. సమాచార హక్కు కింద క్యాజువాలిటీలో తెరలెన్ని అని అడిగితే "4, అన్నియు వినియోగములో ఉన్నవి" అని రాసిచ్చారు. నిజమే. ఒకటి ఆఫీసు గదిలో ఫ్రిజ్‌కు అడ్డంగా వినియోగములో ఉంది, నేను చూశాను. ఇంకొకటి తువ్వాల ఆరేయడానికి. మిగతా రెండూ ఎక్కడున్నాయో మీరే కనుక్కోవాలి.

ఇన్నాళ్లకు తమ్ముడు మెత్తబడ్డాడు. టెలీ మానస్‌లో మాట్లాడినాయన, నేరుగా ఒకసారి డాక్టరుకు చూపించుకోవడం మంచిదని చెప్పాడట. వచ్చే మంగళవారం సైకియాట్రీ ఓపీకి తీసుకొస్తున్నాను. ఓపీకి పోవాలంటే క్యాజువాలిటీ ముందు నుంచే నడవాలి. ఆ రోజుకైనా ఆ తువ్వాల తీయించండి.

ఇట్లు,
ఒక అక్క