పక్క కుర్చీ దగ్గరున్న పెద్దమ్మకి

నిన్న రాత్రే ఖమ్మం చేరాం. వేళ్ళకి తిమ్మిర్లు, టైప్ చేయడం కష్టంగానే ఉంది, కానీ ఇవాళే రాయాలి.

నాది గర్భసంచి క్యాన్సర్, సీరస్ రకం, తొందరగా పాకేది. 2023లో ఆపరేషన్, తర్వాత ఆరు కీమోలు. ఏడాదిపైన బాగానే ఉన్నా, మళ్ళీ స్కాన్‌లో పొట్టలో గడ్డలు కనిపించాయి. మళ్ళీ అవే మందులు, పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్, 21 రోజులకోసారి.

రెండో సైకిల్ రోజు పాక్లిటాక్సెల్ మూడు గంటలు బాగానే ఎక్కింది. కార్బో మొదలైన కాసేపటికి అరచేతులు దురద. ఏసీకి పొడిబారాయేమో అనుకుని చీర అంచుకి రుద్దుకుంటున్నా. పక్క కుర్చీలో కోడలికి తోడొచ్చిన పెద్దమ్మ, మానుకోట వైపు వాళ్ళట, నా చేతుల వంకే చూస్తోంది. "బిడ్డా, గట్ల గోక్కుంటున్నవేంది, మా కోడలికి గిట్లనే షురువైంది" అంది. ఏం లేదమ్మా అనేలోపే "సిస్టరమ్మా, మందు ఆపుండ్రి" అని అరుచుకుంటూ ఉరికింది. డ్రిప్ ఆపేసరికే నాకు మొహం కందిపోయి ఊపిరి అందట్లేదు. ఆక్సిజన్ పెట్టారు, ఏవేవో ఇంజెక్షన్లు ఇచ్చారు. కార్బో మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళకి ఏడో ఎనిమిదో డోసు దగ్గర ఇలా అవుతుంటుందని తర్వాత డాక్టర్ గారు చెప్పారు. నాది సరిగ్గా ఎనిమిదోది.

తర్వాత ఒకటే వణుకు. ఆవిడ కింద కూర్చుని నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని, కొంగు చుట్టి, వణుకు తగ్గేదాకా రుద్దుతూనే ఉంది, పక్కన ఆవిడ సద్ది డబ్బా మూత తీసి అలాగే ఉంది, ఒక్క ముద్ద కూడా తినలేదు. మా అమ్మ పోయి పదకొండేళ్ళు. మావాడు ఐదొందలు ఇవ్వబోతే "కాళ్ళు వత్తితే పైసలిస్తరా కొడకా" అని చిన్నబుచ్చుకుంది. అప్పుడు ఏడ్చాను చూడండి, క్యాన్సర్ తిరగబెట్టిందని చెప్పినరోజు కూడా అంత ఏడవలేదు. పేరు అడగడం కూడా మర్చిపోయా అమ్మా, మీ కోడలు చల్లగా ఉండాలి.

ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. రియాక్షన్ వచ్చిందని మందు మారిస్తే ఇన్సూరెన్స్ వాళ్ళు అప్రూవల్ మళ్ళీ మొదటినుంచి అన్నారు, పాత బయాప్సీ రిపోర్టు మళ్ళీ పంపమన్నారు, పదకొండు రోజులు పోయాయి. గడ్డ ఆగుతుందా వాళ్ళ సంతకం కోసం? అన్ని కుర్చీలకి ఇద్దరే సిస్టర్లు, పరుగులు పెడుతూనే ఉంటారు పాపం, వాళ్ళ తప్పేం లేదు.

మా ఆయన, పిల్లలు, చెల్లి ఎలాగూ ఉన్నారు, వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

ప్లేట్‌లెట్స్ పడిపోయినప్పుడు ఆఫీసుకి లీవు పెట్టి రెండు గంటలు మెషీన్ మీద పడుకుని ఇచ్చిన బాబుకి, రోజూ రాగిజావ పంపిన ఎదురింటి వదినకి చాలా థాంక్స్. అయ్యో, నరం దొరక్కపోతే వేడినీళ్ళ సీసాకి టవల్ చుట్టి తెచ్చిచ్చిన వార్డుబాయ్‌ని మర్చిపోయా, నీకూ నాయనా. పెద్దమ్మ ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వచ్చే సోమవారం మళ్ళీ అక్కడే ఉంటాను.