ఉచితంగా వచ్చిన ఆవుకూ పళ్ళు చూడాలి

సంపాదకులు గారికి,
నమస్కారములు.

గేమ్‌ల తయారీ నేర్చుకుంటున్న విద్యార్థుల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం, బొమ్మలూ సంగీతమూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి పెట్టుబడి భయం అక్కరలేదని ధైర్యం చెప్పింది. ఆ మాట నిజమే. గేమ్‌లకు కావలసిన బొమ్మలూ శబ్దాలూ ఉచితంగా పంచే ఓపెన్‌గేమ్‌ఆర్ట్ వెబ్‌సైటు 2009 నుంచి ఇదే పని మీద ఉంది. నెదర్లాండ్స్ నుంచి కెన్నీ పేరుతో వచ్చే బొమ్మలను, డబ్బుకు అమ్మే గేమ్‌లో సైతం, ఎవరి అనుమతీ అడగకుండా వాడుకోవచ్చు. శబ్దాలు కావలసినవారికి బార్సిలోనాలోని ఒక విశ్వవిద్యాలయం 2005లో మొదలుపెట్టిన ఫ్రీసౌండ్ ఉంది. అయితే ఎక్కడ తీసుకోవాలో ఇంత వివరంగా చెప్పిన వ్యాసం, తీసుకున్నవారు ఇచ్చినవారికి ఏమి బాకీపడతారో మాత్రం ప్రస్తావించలేదు.

వారు డబ్బు అడగరు. తమ బొమ్మ ఏ గేమ్‌లో ఎలా పనికివచ్చిందో, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో తెలిస్తే చాలునంటారు. మనవాళ్ళు ఆ మాత్రమూ చెప్పకుండా డౌన్‌లోడ్ చేసుకుని వెళ్ళిపోతారు, లేదా మొక్కుబడిగా ‘సూపర్’ అని రాసి ఊరుకుంటారు. ధర్మానికి ఇచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదన్న మర్యాద దీనికి కారణం కావచ్చు గాని, ఈ రంగంలో ఆ మర్యాద ఇచ్చినవారికే నష్టం చేస్తుంది.

ఒక గడ్డి టైల్‌ను, అంటే పక్కపక్కన పరిచి నేలగా వాడే చదరపు బొమ్మ ముక్కను తీసుకుందాం. విడిగా చూస్తే ముచ్చటగానే ఉంటుంది. దాన్నే వరుసగా పరిచి మైదానం చేసినప్పుడు అంచుల దగ్గర గీతలు తేలితే, లేదా మధ్యలో ఉన్న ఒక్క పసుపు పువ్వు గళ్ళ చీర మీది బుటాలా ప్రతి గడిలోనూ కనిపిస్తే, ఆ లోపం గీసినవారికంటే ముందు వాడినవారి కంటపడుతుంది. సంగీతమూ అంతే. పాట ముగిసి మళ్ళీ మొదలయ్యే చోట చిన్న ఖాళీ వినిపిస్తే, అది స్వరకర్త తప్పు కాకపోవచ్చు; ఎంపీ3గా మార్చేటప్పుడు ఫైలు మొదట్లోనూ చివరా కాస్త నిశ్శబ్దం చేరుతుంది, దాన్నే ఓజీజీ అనే మరో రకం శబ్ద ఫైలుగా ఇస్తే ఆ చిక్కు ఉండదు. ‘సంగీతం బాగా లేదు’ అనడానికీ, ‘రెండోసారి మొదలయ్యే చోట తెగుతోంది, ఓజీజీలో పెట్టగలరా’ అని అడగడానికీ మధ్య ఉన్న దూరమే నేను చెప్పదలచుకున్నది.

ఇటువంటి మాటలకు ఒక కొలబద్ద ఉంటే పని ఎంత సాగుతుందో 2012 నాటి లిబరేటెడ్ పిక్సెల్ కప్ చూపింది. కృతులను పంచుకునేందుకు సిద్ధ లైసెన్సులు రూపొందించే క్రియేటివ్ కామన్స్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, ఓపెన్‌గేమ్‌ఆర్ట్ కలిసి నడిపిన ఆ గేమ్‌ల తయారీ పోటీకి ముందే, టైల్ 32 పిక్సెళ్ళు ఉండాలని, నీడలూ అంచులూ చూపుకోణమూ ఎలా ఉండాలని ఒక శైలి పత్రం రాసి, నమూనా బొమ్మలు గీయించారు. అందువల్ల విమర్శ ‘నాకు నచ్చలేదు’ దగ్గర ఆగిపోకుండా ‘వెలుగు తప్పు వైపునుంచి పడుతోంది’ అనేంత నిర్దిష్టంగా ఉండే వీలు కలిగింది. ఒకరు గీసిన శరీరానికి మరొకరు జుట్టు, ఇంకొకరు చొక్కా, వేరొకరు కత్తి చేరుస్తూ ఆ సంపద ఇప్పటికీ పెరుగుతోంది. వాటిని కలిపి పాత్రను తయారుచేసే సాధనం, ఏ ముక్క ఎవరిదో జాబితా కూడా చేతికిస్తుంది.

పేర్ల విషయంలో మన విద్యార్థులకు చాలా అలసత్వం ఉందని చెప్పక తప్పదు. బొమ్మ పక్కన క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల గుర్తుల్లో సీసీ0 అని ఉంటే గీసినవారి పేరు వేయనక్కరలేదు. సీసీ బై అంటే వేసితీరాలి. ఎస్‌ఏ కూడా ఉంటే, మనం మార్చిన బొమ్మను పంచేటప్పుడు అదే షరతుతో పంచాలి. ఉచితమంటే హక్కులు లేనిదని కాదు. హక్కులను పూర్తిగా రాసిచ్చేసిన తరువాత కూడా ఆ కృతి తనదని చెప్పుకునే అధికారం కర్తకు ఉంటుందని మన 1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షనే అంటోంది.

మనం ఇవ్వవలసినవీ ఉన్నాయి. ఉచితంగా దొరికే టైళ్ళలో ఐరోపా కోటలకు కొదవ లేదు గాని, పెంకుటిల్లు, మండువా, తాటితోపు, దిగుడుబావి వెతుక్కోవలసిందే. డప్పు దరువునో సన్నాయి బిట్‌నో మనవారెవరైనా రికార్డు చేసి పెడితే, దరువు సరిగా పడిందో లేదో చెప్పగలిగిన చెవులు కూడా మన దగ్గరే ఉన్నాయి.

కాబట్టి మీ యువత పేజీలో ఈసారి ఉచిత వనరుల జాబితా వేసేటప్పుడు, ప్రతిదాని పక్కన దాని లైసెన్సు ఏమిటో ముద్రించవలసిందిగా కోరుతున్నాను. ప్రాజెక్టులకు మార్కులు వేసే అధ్యాపకులు కూడా, గేమ్ చివర పేర్ల పట్టికను, విద్యార్థి ఆ కళాకారులలో ఒకరికైనా రాసి పంపిన అభిప్రాయాన్ని చూపమని అడిగితే బాగుంటుంది.

ఇట్లు,
గేమ్‌ల తయారీలో పనిచేస్తున్న ఒక పాఠకుడు,
విశాఖపట్నం